మోరల్ పీరియడ్ ఇయ్యని టీచర్

మొన్న పొద్దున షాహీన్ ఫోన్ చేసింది. వరంగల్లులో మేమిద్దరం ఒకే బడిలో, ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. "మన మోరల్ టీచర్ ఇగ లేదే. రాత్రి దవాఖానల పోయిందట," అని చెప్పింది. టీచర్‌కు వయసు మీద పడిందని, మంచం పట్టారని తెలుసు. అయినా ఎవరు చెప్పినా తగ్గే మనిషి కాదు గనక, ఈ ఒక్క విషయంలో కూడా ఇంకొన్నాళ్ళు మొండికేస్తారనుకున్నాను.

డెబ్బయ్యో దశకం చివర్లో మా ఆడపిల్లల హైస్కూల్లో ఆమె సోషల్ చెప్పేవారు. దాంతోపాటు వారానికొక మోరల్ పీరియడ్. అన్ని మతాల గురించి, మంచిచెడ్డల గురించి చెప్పాలని టైంటేబుల్లో ఉండేది గానీ, దానికి పరీక్ష లేదు, మార్కులు లేవు. అందుకే అందరి కన్నూ దాని మీదే. లెక్కల సార్ వచ్చి గుమ్మంలో నిలబడేవారు.

"టీచర్, జర మీ మోరల్ పీరియడ్ ఇయ్యరాదుండ్రి. నా సిలబస్ వెనకవడ్డది."

"ఇయ్య."

"ఊకె ముచ్చట్లు చెప్పే పీరియడే గద?"

"చెప్పేది నేను గాదు సార్, పిల్లలు. ఆళ్ళనే అడుగుండ్రి."

మేము తలలు వంచుకుని నవ్వు ఆపుకునేవాళ్ళం. ఆయన వెళ్ళాక టీచర్ బుగ్గన లవంగం పెట్టుకుని, తడిగుడ్డతో బోర్డు తానే శుభ్రంగా తుడిచేవారు. డస్టర్ ఆమెకు నచ్చదు. "పాత మాట కండ్లవడుతుంటె కొత్త మాట ఎట్ల రాస్తం?" అనేవారు.

ఆమె క్లాసులో ఎవరి మతం గురించి వాళ్ళు చెప్పకూడదు. పక్కవాళ్ళింటికి వెళ్ళి, అడిగి తెలుసుకుని వచ్చి చెప్పాలి. విన్నాక ఆ ఇంటి పిల్ల లేచి "ఔ, మాది గిట్లనే" అనాలి. అనకపోతే మళ్ళీ వెళ్ళి అడిగి రావాల్సిందే. "ఎదుటోళ్ళ దేవుని గురించి నువ్వు చెప్పింది ఆళ్ళకు ఒప్పాలె. నీకు ఒప్పితె ఏం లాభం?" ఇంతకు మించి ఆమె నీతులు చెప్పగా నేను వినలేదు. "మీరు ఏ దేవునికి మొక్కుతరు టీచర్?" అని ఒక పిల్ల అడిగితే మాత్రం, "గది నాకే ఇంక తేలలే," అని నవ్వేశారు.

నా వంతుకు షాహీన్ వాళ్ళ ఉపవాసం, రోజా, వచ్చింది. అడగడానికి ఏముందిలే అనుకున్నాను. రంజాన్ నెలలో వాళ్ళు ఒక్కపొద్దులుంటారని మా వాడంతా అంటుంది. ఒక్కపొద్దంటే నాకు తెలియదా? మా అమ్మ ప్రతి శనివారం ఉండేది. లేచి నిలబడి, రోజా నాడు వాళ్ళు అన్నం ముట్టరనీ, పాలు, అరటిపండ్లు, మరీ నీరసమైతే ఇంత ఉప్మా తింటారనీ ధైర్యంగా చెప్పేశాను.

షాహీన్ కళ్ళు పెద్దవి చేసింది. "ఉప్మానా? మేము మంచినీళ్ళు గూడ ముట్టమే!"

క్లాసంతా గొల్లుమంది. టీచర్ నవ్వలేదు. "నీదేం తప్పు లేదు బిడ్డా. మన మాట పట్కపోయి ఆళ్ళ నెత్తిన పెట్టినం. పోయి అడిగి రా," అన్నారు.

ఆ సాయంత్రం షాహీన్ వాళ్ళింటికి వెళ్ళాను. రోజా విడిచే వేళ వాళ్ళమ్మ నా చేతిలోనూ ఒక ఖర్జూరం పెట్టింది. మరుసటి వారం నేను చెప్పింది విని షాహీన్ "ఔ, గిట్లనే" అంది. క్లాసులో ఫస్టు వచ్చినా నాకు అంత సంతోషం కలిగేది కాదు. ఆ పీరియడ్ లేకపోతే షాహీన్ నాకు పక్కన కూర్చునే పిల్లగానే మిగిలిపోయేది.

దసరా దాటాక ఒకరోజు ఈ సంగతులన్నీ మా బాపు చెవిన పడ్డాయి. మిల్లులో మగ్గం నడిపే మనిషి, కోపం వస్తే ఆగడు. మోరల్ పీరియడ్ నడుస్తుండగానే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నేను పుస్తకం చాటున తల దాచుకున్నాను.

"టీచరమ్మా, నా బిడ్డను లెక్కలు, ఇంగ్లీషు నేర్సుకోను పంపిన. ఇండ్లిండ్లు తిరిగి దేవుళ్ళ ముచ్చట్లు అడుగుమని గాదు."

"మంచి టైముకు వచ్చిండ్రు అన్నా. ఇయ్యాల మీ ముచ్చటనే నడుస్తాంది. తప్పుంటె చెప్పుండ్రి," అని టీచర్ షాహీన్ వైపు చూసి తలూపారు.

షాహీన్ లేచి నిలబడింది. "దసరా నాడు వీళ్ళు మగ్గానికి మొక్కుతరు. మగ్గమే వీళ్ళ దేవుడు."

"దేవుడు గాదు బిడ్డా," అన్నాడు బాపు, తనకు తెలియకుండానే.

"మరేంది చాచా?"

"అది ఏడాదంత మనతోని కష్టపడ్తది. గా ఒక్కరోజు దాన్ని పనికి పిల్వం. బొట్టు పెట్టి, దండేసి, ఊకె కూసోవెడ్తం."

"అంటే దానికి సెలవిస్తరా?"

బాపు నవ్వాడు. "ఔ, గట్లనే అనుకో."

"ఔనన్నడు. రాస్కోండ్రి," అన్నారు టీచర్. బాపు గంట కొట్టేదాకా అక్కడే ఉన్నాడు. దేనికోసం వచ్చాడో మళ్ళీ ఎత్తనే లేదు.

మేము పదో తరగతికి వచ్చేసరికి, పోయినేడు రిజల్టు బాగా రాలేదని హెడ్‌మిస్ట్రెస్ మోరల్ పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేశారు. టీచర్ కొంగు నడుముకు దోపుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళారు. మేము వరండాలో చెవులు రిక్కించి నిలబడ్డాం.

"మార్కులు లేని సబ్జెక్టు ఎవరిక్కావాలి టీచర్?"

"మార్కులున్నయన్ని ఆళ్ళ కోసం ఆళ్ళు సదువుకుంటరు మేడం. పక్కనున్న మనిషి కోసం సదివేది గిదొక్కటే. దీన్ని పోనియ్య."

"అయితే పొద్దున ప్రేయర్‌కు ముందు పెట్టుకోండి. పిల్లలు వస్తే నడపండి. రాకపోతే బంద్."

"సరే మేడం."

బయటికి వచ్చి మమ్మల్ని బతిమాలలేదు. "సోమవారం పొద్దుగాల నేను క్లాసుల ఉంట," అన్నారంతే. నాకు దిగులు పట్టుకుంది. పొద్దున నల్లా నీళ్ళు పట్టేది నేనే. అంత తొందరగా షాహీన్‌నూ ఒంటరిగా పంపరు. మేమెవరం వెళ్ళకపోతే ఆ పీరియడ్ అంతటితో సరి. ఇంట్లో అడగడానికి నోరు రాక తిరుగుతుంటే బాపే కదిపాడు.

"మీ టీచరమ్మ పీరియడ్ తీసేసిన్రట గద?"

"తియ్యలే బాపూ. పొద్దుగాలకు మార్చిన్రు. పిల్లలు రాకుంటె తీసేస్తరట."

"నీళ్ళు నేను పడ్త. షాహీన్‌కు గూడ చెప్పు, సైకిల్ మీద దింపుత."

ఆమె రిటైరయ్యేదాకా ఆ పీరియడ్ పొద్దుటిపూట నడుస్తూనే ఉందని మా తర్వాతి పిల్లలు చెప్పారు. నాకు మాత్రం ఆ మొదటి సోమవారమే కళ్ళకు కట్టినట్టుంది. ముందు బార్ మీద నేను, వెనక క్యారియర్ మీద షాహీన్. క్లాసులో టీచర్ ఒక్కరే ఉన్నారు. మేము వెళ్ళి కూర్చున్నాం. కాసేపటికి ఇంకో నలుగురైదుగురు వచ్చారు. పాఠం మొదలైంది. బాపును డ్యూటీకి పిలిచే మిల్లు సైరన్ కూసింది. ఎందుకో కిటికీ వైపు చూస్తే, సగం తెరిచిన రెక్క అవతల బాపు సైకిల్ పట్టుకుని, మెడ చాచి ఇంకా వింటున్నాడు. టీచర్ కూడా చూశారు. చెప్తున్న మాట ఆపకుండానే నడిచి వచ్చి, మూసి ఉన్న రెండో రెక్క తెరిచారు.