ఒక పీరియడు ఎండ

నా కారులో వేడిగాలి ఎందుకు వస్తున్నదో కనిపెట్టడానికి నేను పూనుకొన్నది చల్లదనం కోసం కాదు. కోదాడలో ఒక మెకానిక్ నలుగురి ముందు తల వంచుకొని నిలబడగా చూడాలని. ఈ వయసులో ఆ కోరికను దాచుకోవలసిన అవసరం నాకు కనిపించలేదు.

కారు పాతది. నా ఉద్యోగంకంటే ఎక్కువ కాలం నడిచింది. ఉత్తరాదిన మంచు కురిసే ఊళ్లో పనిచేసి వచ్చిన ఒక అధికారి వద్ద కొన్నాను గనుక అందులో హీటరు ఉన్నది, దానికి డాష్‌బోర్డు అడుగున కిందికి లాగే నాబు ఉన్నది. సూర్యాపేటలో హీటరుతో ఎవరికేమి పని? ఇన్నేళ్లలో ఒక్కసారీ లాగి ఎరుగను. మూడేళ్ల కిందట ఏసీ పెట్టించాను. పెట్టినవాడు ఆ మెకానికే, నేను కోదాడలో ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నప్పుడు మా బడిలో చదివినవాడే. హీటరు పెట్టె గుండానే చల్లగాలి వచ్చేటట్లు నేర్పుగా అమర్చాడు. రెండు వేసవులు సుఖంగా గడిచాయి.

ఈ వేసవిలో గాలి గోరువెచ్చగా రావడం మొదలైంది. మూడుసార్లు కోదాడకు తీసుకువెళ్లాను. మూడుసార్లూ గ్యాస్ నింపి పంపాడు. మూడోసారి నింపిన మరునాడే, మిర్యాలగూడలో బంధువుల ఇంట నిశ్చితార్థానికి బయలుదేరాము. ముందు సీటులో నా బావమరిది, వెనుక నా భార్య. ఊరు దాటకముందే నా ఇస్త్రీ చొక్కా వీపుకు అంటుకుపోయింది. బావమరిది, వేలాడుతూ మోకాలికి తగులుతున్న దసరా పూజ కొబ్బరికాయను పక్కకు నెడుతూ మెడ తుడుచుకున్నాడు.

"ఏంది బావా, మిర్యాలగూడల రైసు మిల్లులు సాల్తలేవని నువ్వొక బాయిలర్ తోలుకపోతున్నవా? దిగెటాల్లకు మనం ముగ్గురం ఉప్పుడు బియ్యమే."

వెనుక నుంచి నా భార్య నవ్వింది. అక్కడితో ఆగలేదు. విందులో బావమరిది ఆ మాటనే మళ్లీ చెప్పాడు, బంతి మొత్తం నవ్వింది. నా అడుగుల చప్పుడుకే వరండాలు నిశ్శబ్దమైపోయిన రోజులు నాకు గుర్తున్నాయి. ఆ విందులో నేను పాయసం ముట్టలేదు.

మరునాడు ఉదయమే కోదాడ చేరాను. షెడ్డు ముందు బల్ల మీద నలుగురు టీ తాగుతున్నారు. మెకానిక్ బానెట్ ఎత్తి చూసి పెదవి విరిచాడు.

"గ్యాస్ నిండుగా ఉంది సార్. కంప్రెసర్ మంచిగానే తిరుగుతోంది. బండికి వయసైపోయింది, అంతే. తుక్కు కింద ఇచ్చేయండి."

"తుక్కు అయినది బండా, నీ పనితనమా?"

"నా పనితనానికి ఫస్ట్ ప్రైజ్ ఇచ్చింది మీరే గదా సార్." బల్లవైపు తిరిగాడు. "ఎనిమిదో తరగతిలో ఆఫీసు గడియారం విప్పానని పీరియడంతా ఎండలో నిలబెట్టిండు మా సారు."

బల్ల మీదివారు నవ్వారు. ఒకడు, "అయితే ఇప్పుడు సారుకు ఎండ దెబ్బ తగుల్తుందన్నమాట" అన్నాడు. నా నోటి నుంచి మాట తూలింది.

"లోపం నేనే కనిపెడతాను. తప్పు నీదని తేలితే ఇదే చోట, ఇదే ఎండలో, మళ్లీ ఒక పీరియడు నిలబడతావు."

"తేలకపోతే సార్?"

"నేను నిలబడతాను."

"విన్నారు గదా అందరూ?" అన్నాడు. బల్ల మీది నలుగురూ తలలూపారు.

ఇంటికి వచ్చి ఒక నోటుపుస్తకం తీశాను. ఎడమ పుటలో చూసినది, కుడి పుటలో దాని అర్థం. విచారణ అంటే అట్లాగే సాగాలి. మొదట బండి ముందున్న జాలీ విప్పాను. కోతల కాలం, రోడ్ల నిండా ఆరబోసిన వడ్ల మీదుగా నడిచిన బండి. రేడియేటరు ముందు, ఏసీ వేడిని బయటికి వదిలే జల్లెడలో పొట్టు దట్టంగా పేరుకొని ఉన్నది. నా గుండె ఉప్పొంగింది. మూడుసార్లు బానెట్ ఎత్తినవాడికి ఇది కనిపించలేదా? కుడి పుటలో "నిర్లక్ష్యం" అని రాసి కింద గీత గీశాను. కుంచెతో దులిపి, నీళ్లతో కడిగి, ఇంజను నడిపి చూశాను. గాలి వేడిగానే వచ్చింది. ఆ మాటను కొట్టివేయడం నాకు కష్టమైంది.

తరువాత ఏసీ గొట్టాన్ని పట్టుకొని చూశాను. చల్లగా ఉన్నది, పైన నీటి బిందువులు కూడా ఉన్నాయి. అంటే చల్లదనం పుడుతున్నది, దారిలో ఎవరో దాన్ని దోచుకుంటున్నారు. ఇంజను నుంచి కారు లోపలికి పోయే రెండు రబ్బరు గొట్టాల మీద చేయి వేశాను. రెండూ కాలుతున్నాయి. హీటరంటే వేరే పొయ్యి కాదు. ఇంజనులో కాగిన నీటిని లోపలికి తెచ్చి దాని మీదుగా గాలిని పంపడమే. ఎవరూ లాగని హీటరులోకి వేడినీళ్లు ఎట్లా వెళ్తున్నాయి? నీటిని ఆపే కవాటం సగం తెరుచుకొని ఉన్నది. దానికి కట్టిన తీగ వెంట వేలు పెట్టి లోపలికి వెళ్లాను. తీగ నాబు దగ్గర ముగిసింది. నాబుకు ఎర్రగుడ్డలో మూటకట్టిన కొబ్బరికాయ వేలాడుతున్నది.

కిందటి దసరానాడు దాన్ని ముందు అద్దానికి కడదామని నా భార్య అన్నది. డ్రైవరు చూపుకు అడ్డం వచ్చేదేదీ అక్కడ ఉండరాదని మందలించి, పనిలేని నాబు చూసి, నా చేతులతో నేనే రెండు ముళ్లు వేశాను. ప్రతి గుంతలోనూ ఆ కాయ నాబును కొంచెం కొంచెంగా లాగింది.

ముడి విప్పి నాబును లోపలికి నెట్టాను. కాసేపటికి చేతి వెంట్రుకలు నిక్కబొడుచుకునేంత చల్లని గాలి వచ్చింది. అంతటి అసహ్యకరమైన చల్లదనాన్ని నేనెన్నడూ ఎరుగను.

నా భార్య కొబ్బరికాయను అందుకుంటూ, "నేను అద్దానికే కట్టమంటి. ఇన్నరా మీరు?" అన్నది. తరువాత గొంతు తగ్గించి, "సప్పుడు జేయకుంట ఊకోండ్రి. కోదాడల ఎవరికి తెలుస్తది? వానిదే తప్పని చెప్పుండ్రి" అన్నది.

రెండు రోజులు ఆ ప్రయత్నమే చేశాను. "ఏసీ అమర్చిననాడే హీటరు గొట్టాలను మూసివేయవలసినది" అని కుడి పుటలో రాశాను. అందులో అబద్ధం లేదు. కానీ ఎడమ పుటలో కొబ్బరికాయ ఉన్నది, దాన్ని రాసినవాడిని నేనే. మూడో రోజు కోదాడకు బయలుదేరాను.

బల్ల మీద ఆ నలుగురే ఉన్నారు. ఉన్నది ఉన్నట్లు చెప్పి, చెప్పులు సరిచేసుకొని, షెడ్డు ముందు ఎండలో నిలబడ్డాను. మెకానిక్ వద్దంటాడని, గొడుగు తెస్తాడని మనసులో ఒక మూల అనుకున్న మాట నిజం. అతడు గోడ గడియారంవైపు చూశాడు.

"నలభై అయిదు నిమిషాలు సార్. మీ పీరియడ్ అంతే గదా?"

"అంతే."

తారు మీది వేడి చెప్పుల గుండా పైకి వచ్చింది. బల్ల మీద ఎవరూ నవ్వలేదు; నవ్వినా బాగుండేది. చాలాసేపటికి అతడు స్పానరు తుడుచుకుంటూ, నావైపు చూడకుండా అన్నాడు.

"ఆ గడియారం నేను విప్పకముందే ఆగిపోయింది సార్. బాగుచేద్దామనే విప్పిన."

"చెప్పలేదే?"

"మీరు అడగలేదు." మళ్లీ గోడవైపు చూశాడు. "ఇంకా పన్నెండు నిమిషాలుంది."

ఒక్క నిమిషం కూడా తగ్గించలేదు. తగ్గించి ఉంటే అతడిని జీవితాంతం క్షమించి ఉండేవాణ్ణి కాను. సమయం కాగానే నీళ్ల సీసా తెచ్చి ఇచ్చాడు. తాగి, మూత బిగించి, అప్పుడు అడిగాను.

"మూడుసార్లు గ్యాస్ నింపావు. ఆ రెండు గొట్టాలను ఒక్కసారైనా ముట్టి చూశావా?"

అతడు నేల చూశాడు. "లేదు సార్. మన దిక్కు హీటరు ఎవడు వాడతాడని..."

తల వంగింది. నేను చూడాలనుకున్నది అదే. బల్ల మీదివారు కూడా చూసేటట్లు కొంతసేపు అట్లాగే నిలబడ్డాను. ఆ తరువాతనే కారెక్కాను.

అద్దాలన్నీ బిగించి ఏసీ చివరిదాకా తిప్పాను. మునగాల దాటేసరికి చలికి దవడలు వణకసాగాయి. హీటరు నాబు చేతికి అందేటంత దూరంలోనే ఉన్నది. దాన్ని ముట్టుకోలేదు.