బాణం అడిగిన మనిషి

ఆఫీసులో అతన్ని అందరూ సోడాబుడ్డి అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే అనేవారు, అతనూ పలికేవాడు. బళ్ళో పెట్టిన పేరు అది. కళ్ళద్దాలు మందమయ్యేకొద్దీ పేరు కూడా ముదిరి మనిషికి అంటుకుపోయింది. ఊళ్ళో నీళ్ళ పంపులు ఏ వేళకి తిరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే ప్రోగ్రాములు ఆ ఆఫీసులో తయారవుతాయి. రాసేవాళ్ళు రాసేసి చేతులు దులుపుకుంటారు. అందులో తప్పులు పట్టి సరిచేయడం సోడాబుడ్డి పని. ఎవరూ విప్పలేని పీటముడి పడిందంటే అది తిన్నగా వచ్చి అతని ఒళ్ళోనే పడేది. అతనికి అదో గర్వం. ఉండదూ మరి?

చూపు సంగతికొస్తే, చిన్నప్పుడు రేచీకటి అన్నారు. పెద్దయ్యాక పక్కల నుంచి కుంచించుకుపోతూ వచ్చింది. నడివయసుకి గొట్టంలోంచి చూస్తున్నట్టయింది. పోయిన ఏడాది ఆ గొట్టం కూడా మూసుకుపోయింది. ఈ ఆఖరి ముక్క కంటి డాక్టరుకీ, అతని భార్యకీ తప్ప మూడో మనిషికి తెలియదు. ఆఫీసులో వాళ్ళకి అతని చూపు తక్కువని తెలుసు. అసలు లేదని తెలియదు.

ఎందుకు దాచాడంటే, అంతకుముందు అక్కడ ఒక టైపిస్టు ఉండేది. ఆవిడ చేతులు వణకడం మొదలయ్యాక మేనేజరు అందరినీ పోగేసి, పూలగుత్తి చేతిలో పెట్టి, ఆవిడంతటి మనిషి లేదని పొగిడి, అట్నుంచటే ఇంటికి పంపేశాడు. మేనేజరు నోట పొగడ్త వచ్చిందంటే మూటాముల్లె సర్దుకోవలసిందేనని ఆ రోజు అందరికీ తెలిసొచ్చింది. సోడాబుడ్డి జీతమే ఆ ఇంటికి ఆధారం. అంతకన్నా మించిన భయం ఇంకోటుంది. ఆ పని పోతే తను ఇంట్లో ఒక మూల కూర్చోబెట్టిన సామాను అయిపోతాడు. ఆ మాట భార్యతో కూడా అనలేదు.

అందుకని రోజూ పొద్దున్నే కళ్ళజోడు శుభ్రంగా తుడుచుకుని పెట్టుకునేవాడు. ఏం చూద్దామని? జనం చూడాలని. బట్టలు కుట్టే కార్ఖానాకి వెళ్తూ వెళ్తూ భార్య అతన్ని ఆఫీసు గేటు దాకా దింపేది. అక్కణ్ణుంచి గోడ, మెట్ల కమ్మీ, తన కుర్చీ, అన్నీ చేతికి తెలుసు. కంప్యూటరు తెర మీది రాతని పైకి చదివే ప్రోగ్రామొకటి ఉంటుంది. దాన్ని ఒక చెవిలో పెట్టుకుని పనిచేసేవాడు. పాటలు వింటున్నాడనుకునేవారు. ఎప్పుడైనా కుర్చీకి తగులుకుంటే "ఏం సోడాబుడ్డీ, కళ్ళద్దాలకి నూనె వెయ్యాలా?" అని నవ్వేవారు. అతనూ నవ్వేవాడు.

ఇక ఆ భాష. అంటే కంప్యూటరుకి పనులు చెప్పే భాష. దానికి యజమానంటూ లేడు. దేశదేశాల వాళ్ళు తీరిక దొరికినప్పుడు తలో చెయ్యీ వేసి పెంచుతుంటారు. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, ఇది కావాలని ఎవరైనా అడగచ్చు. ఏడాదికో కొత్త వెర్షన్ వస్తుంది. ఆ భాషలో రాసిన ప్రోగ్రాములో తప్పొస్తే ఏ వరుసలో వచ్చిందో మాత్రం చెప్పి ఊరుకునేది. వరుస బారెడు పొడుగుంటే అందులో ఎక్కడో వెతుక్కోవడం మన ఖర్మ. గొట్టంలోంచి చూసే మనిషికి అదెంత నరకమో వేరే చెప్పాలా? పదేళ్ళ కిందట, చూపు ఇంకా కాస్త మిగిలున్న రోజుల్లో, సోడాబుడ్డి ఆ భాషని పెంచేవాళ్ళకి రాశాడు: తప్పు ఉన్నచోట, సరిగ్గా దాని కింద, బాణం గుర్తులు పెడితే బాగుంటుంది అని. కళ్ళ మాట రాయలేదు. సిగ్గేసింది. కింద సంతకం మాత్రం సోడాబుడ్డి అనే పెట్టాడు.

మంచి ఆలోచనే అన్నారు కొందరు. ఇప్పుడంత అవసరమా అన్నారు ఇంకొందరు. ఏడాదికోసారి అతను గుర్తుచేసేవాడు. తర్వాత ఉలుకూ పలుకూ లేదు. అతనూ మర్చిపోయాడు. ఏ దేశంలోనో ఎవరో పుణ్యాత్ముడికి ఆ పాత అర్జీ కంటబడింది. ముచ్చటపడి కూర్చుని చేసిపెట్టాడు. ఒక్క బాణం కాదు, తప్పు ఎంత పొడుగుంటే అన్ని బాణాలు, పైగా రంగులు. ఈ ఏటి కొత్త వెర్షన్‌లో అదే పెద్ద విశేషం.

పాత వెర్షన్‌కి ఇక మరమ్మతులు రావు కనక ఆఫీసు మొత్తం కొత్తదానికి మారాలని మేనేజరు హుకుం వేశాడు. మారిన పొద్దున సోడాబుడ్డి ఎప్పటిలాగే చెవిలో పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి తప్పు వచ్చింది. చెవిలో గొంతు చదవడం మొదలెట్టింది: బాణం, బాణం, బాణం, బాణం... ఒక్కో గుర్తునీ వదలకుండా, విసుగూ విరామం లేకుండా. అది పూర్తయ్యేసరికి ముందు విన్న వరుసేమిటో మర్చిపోయాడు. మళ్ళీ మొదటినుంచీ విన్నాడు. మళ్ళీ బాణం, బాణం. చుట్టూ అందరూ ఎంత హాయిగా ఉందో అంటున్నారు. అతని నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

పూటలో తేలే పని రోజంతా పట్టసాగింది. ఈమధ్య చెయ్యి నెమ్మదించిందేమని మేనేజరు రెండుసార్లు అడిగాడు. రెండోసారి అడిగిన గొంతులో తేనె కలిసింది. దాంతో సోడాబుడ్డికి ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ బాణాల్ని ఆపే మీట లేకపోలేదు. కానీ ఆఫీసు కంప్యూటర్లలో ఏది తిప్పాలన్నా వైర్లాయనే తిప్పాలి. జేబుల్నిండా వైర్లు కుక్కుకుని తిరుగుతాడని ఆయనకా పేరు. మంచివాడు. సోడాబుడ్డిని గురువుగారూ అంటాడు.

"ఆయన్నడిగి తీయించేసుకోకూడదూ?" అంది భార్య.

"పదేళ్ళ కిందట అడిగింది నేనే. తీరా వచ్చాక, అందరూ హాయిగా ఉందంటుంటే నేనొక్కణ్ణే వద్దంటే ఎందుకంటాడు. ఎందుకో చెప్పాలిగా?"

కోరి కొరివితో తల గోక్కున్నట్టయింది మొగుడి బతుకు అనుకుని ఆవిడ పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఏడిస్తే అతనికి కనబడదు, వినబడకుండా ఏడవడం ఆవిడ ఈ ఏడాదిలో నేర్చుకుంది.

అసలు చావు ఇంకోటొచ్చి పడింది. కొత్త వెర్షన్‌తోపాటు ఏమేం మారాయో రాసిన పత్రం ఒకటి వస్తుంది. ఎవరూ చదవని ఆ పత్రాన్ని వైర్లాయన చివరిదాకా చదివాడు. అడుగున, బాణం గుర్తుల ఆలోచన ఇచ్చిన సోడాబుడ్డికి కృతజ్ఞతలు అని ఉంది. ఇలాంటి పేరు ప్రపంచంలో ఇంకెవడు పెట్టుకుంటాడు? ఆయన ఒక్క గంతులో వచ్చి సోడాబుడ్డిని వాటేసుకున్నాడు. ఆఫీసంతా చాటింపు వేశాడు. మేనేజరు కూడా మురిసిపోయి, శుక్రవారం మీటింగులో తప్పున్న ప్రోగ్రామొకటి గోడ మీద పెద్దగా చూపించి, ఆ బాణాన్ని అడిగిన మనిషి చేతే చదివిద్దామన్నాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒంట్లో బాగాలేదని ఎగ్గొడదామనుకున్నాడు. చెయ్యి నెమ్మదించినవాడు సెలవు కూడా పెడితే మేనేజరు ఇక పూలగుత్తి కొనుక్కొచ్చేస్తాడు. అందుకని వైర్లాయన దగ్గర చేరి ఏ ప్రోగ్రాము చూపిస్తారో, తప్పు ఎక్కడ పెడతారో మాటల్లో పెట్టి రాబట్టాడు. ఆయన సంబరంగా అంతా చెప్పేశాడు, కాగితం మీద అచ్చు తీసి కూడా ఇచ్చాడు.

మూడు సాయంత్రాలు వంటింటి గోడే వాళ్ళకి తెర. భార్య ఆ కాగితం చదివి వినిపించేది. అతను వరుస తర్వాత వరుస కంఠతా పట్టాడు. ఆఫీసు గోడ ఎంత వెడల్పుంటుందో చేతులు చాపి చెబితే, ఆవిడ ఆ లెక్కన బాణాలు పడే చోటికి అతని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది. అలా పదిసార్లు. తర్వాత పట్టుకోకుండా పదిసార్లు.

"ఎందుకండీ ఇదంతా, చెప్పేద్దాం," అంది ఆఖరి సాయంత్రం.

"ఈ ఒక్కసారి గట్టెక్కనీ," అన్నాడు.

శుక్రవారం గది నిండిపోయింది. సోడాబుడ్డి కళ్ళజోడు తుడుచుకుని, గోడ పక్కన తన కోసం వేసిన కుర్చీలో కూర్చున్నాడు. ప్రొజెక్టరులో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడింది. వైర్లాయన ఏదో కెలుకుతున్నాడు. మేనేజరు వచ్చి, ఎక్కువ టైము లేదు, ఇక కానివ్వండి అన్నాడు.

ఆ మాట వైర్లాయనతో అన్నాడు. సోడాబుడ్డి తనతో అన్నాడనుకున్నాడు.

లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. పై వరుస నుంచి మొదలెట్టి, ఎక్కడా తడబడకుండా చదువుకుంటూ వచ్చాడు. పంపు ఎప్పుడు ఆగాలో చెప్పే వరుస దగ్గరికి రాగానే నాలుగడుగులు వేసి గోడ మీద వేలు పెట్టాడు. "ఇదిగో, తప్పు ఇక్కడుంది. బాణాలు సరిగ్గా దీని కిందే పడ్డాయి, చూడండి," అన్నాడు. ఎర్రగా భలే కనబడుతున్నాయని నవ్వాడు కూడా.

ఎవరూ నవ్వలేదు. చప్పట్లు కొడతారని ఆగాడు.

"గురువుగారూ," అన్నాడు వైర్లాయన. ఆయన గొంతు దగ్గరకొచ్చింది. "ఇంకా వెయ్యలేదండీ. గోడ ఖాళీగా ఉంది."

సోడాబుడ్డి వేలు గోడ మీదే ఉండిపోయింది. తియ్యడం తోచలేదు. కాసేపటికి ఎవరో కుర్చీ వెనక్కి లాగారు. ఇంకెవరో లాగారు. గదిలో కుర్చీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి జరిగాయి. ఇన్నేళ్ళలో అతని కోసం ఎవరూ కుర్చీ జరపలేదు, తగులుకుంటే నవ్వేవారంతే. ఇప్పుడు తలుపుదాకా దారి చేసి అందరూ పక్కకి తప్పుకున్నారు. వైర్లాయన వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు.

అడగకుండానే ఆయన ఆ మధ్యాహ్నం బాణాల్ని ఆపేశాడు. నిమిషం పట్టలేదు. చెవిలో గొంతు మునుపటిలా వరుస చెప్పి ఊరుకుంది. సోడాబుడ్డి వారం రోజులుగా పేరుకున్న తప్పుల్ని సాయంత్రానికల్లా తేల్చేశాడు. ఆఖరుది ముగించాక మేనేజరు పక్కన వచ్చి నిలబడి భుజం మీద చెయ్యేశాడు. ఇంత గొప్ప పనివాణ్ణి తన జన్మలో చూడలేదన్నాడు. సోమవారం అందరూ కలిసి చిన్న సభ పెట్టుకుందామన్నాడు.

గేటు దగ్గర భార్య ఎదురుచూస్తోంది. అతని చెయ్యి అందుకుని, అడుగు కలిపి, కొంత దూరం పోయాక ఇక ఆగలేక అడిగింది.

"ఎలా చదివారండీ?"

"ఒక్క తప్పు లేకుండా చదివాను," అన్నాడు.