ఆపమని చెప్పలేని మావయ్య

మా మావయ్యకు ఒకటే పిచ్చి. లోకంలో ఏ పని మొదలైనా సరే, దాన్ని ఆపమని చెప్పేదెవరో తేలేదాకా ఆయనకు ముద్ద దిగదు.

ముప్పై ఏళ్ళుగా ఊపిరితిత్తుల మీద పరిశోధన చేస్తున్నాడు. మందు రాసిచ్చే డాక్టరు కాదు. గాజు పళ్ళేల్లో కణాలను పెంచి, అవి ఒకదానికొకటి పంపుకునే కబుర్లు చాటుగా వినడం ఆయన ఉద్యోగం. ఇంట్లో మనుషులు చెప్పేది మాత్రం ఒక్క ముక్క వినడు. వాళ్ళ పైవాటాలోనే ఉంటాను కాబట్టి దీనికి సాక్షిని నేనే.

"ఊపిరితిత్తికి దెబ్బ తగిలిందనుకో," అని మొదలుపెడతాడు, మనం ఏమీ అనుకోకుండా కూర్చున్నా సరే. "దెబ్బతిన్న కణం 'రండి, రండి' అని కబురు పెడుతుంది. మరమ్మతు కణాలు పరిగెత్తుకొస్తాయి. నార అల్లి గాయం పూడుస్తాయి. పూడ్చాక?"

"వెళ్ళిపోతాయి మావయ్యా."

"ఆపమని ఎవరు చెప్పారు?"

ఇదీ ఆయన ఊతపదం. ఆపమనే కబురు అందకపోతే అవి అల్లుతూనే ఉంటాయట. పైగా గట్టిపడ్డ మచ్చే 'ఇక్కడింకా దెబ్బ ఉంది' అని మళ్ళీ కబురు పెడుతుందట. బుడగలా ఉబ్బాల్సిన ఊపిరితిత్తి చివరికి ఎండిన తోలులా బిగుసుకుపోతుందట. ఈ కథ నాకు పాలపళ్ళు ఊడకముందు నుంచీ కంఠతా వచ్చు.

ఒకసారి పాలవాడికి ఫోన్ చేసి, రేపు అర లీటరు ఎక్కువ పొయ్యమన్నాడు. ఐదు నిమిషాలకు మళ్ళీ చేసి, ఎల్లుండి నుంచి ఆ ఎక్కువ ఆపమన్నాడు. ఇంకో ఐదు నిమిషాలకు, "రెండో కబురు అందిందా?" అన్నాడు. అతను ప్రాణం విసిగి మొత్తం పాలే ఆపేశాడు. "చూశావా, కబురు అందింది," అని మావయ్య సంబరపడ్డాడు. అత్తయ్య వారం రోజులు ఆయన మొహాన నల్ల కాఫీ కొట్టింది.

ఆఫీసులో అంతకన్నా అన్యాయం. ఎవరిదో వీడ్కోలు సభలో డైరెక్టరు గంట నుంచీ మాట్లాడుతుంటే, మావయ్య లేచి నిలబడి, "ఈయన్ని ఆపమని ఎవరు చెప్పాలి?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. ఆయనడిగిన కొత్త మైక్రోస్కోపు ఇప్పటికీ రాలేదు.

ఇంతటి మహానుభావుడి ఇంట్లో స్నానాల గది గోడ బీటలు వారింది. పూడ్చడానికి ఒక మేస్త్రీ వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయేమో, నాలుగు మెట్లెక్కితే ఆగి దగ్గుతాడు. రెండు రోజుల పని. పద్నాలుగు నెలలైంది. స్నానాల గది అయ్యాక వసారా, వసారా అయ్యాక డాబా మెట్లు, ఆ తర్వాత వంటింటి అర. అత్తయ్య ఏదో ఒక వంక పెట్టడం, మావయ్య "నిజమే, మళ్ళీ చేయిద్దాం," అనడం. గోడ గోకే పని మాత్రం మేస్త్రీని ముట్టుకోనివ్వడు. తనే ముక్కుకు మాస్కు కట్టుకుని గోకి, సున్నం డబ్బాలో పడ్డ పిల్లిలా బయటికొస్తాడు.

"ఊరందరికీ ఆపమని పాఠాలు చెప్తారు. మీ మేస్త్రీకి చెప్పడానికి నోరు పెగలదా?" అనేది అత్తయ్య.

"ఇంకా కొంచెం ఉందిలే," అని గొణిగేవాడు. మేమిద్దరం పడీపడీ నవ్వుకునేవాళ్ళం.

మొన్న మావయ్య ఆఫీసులో ఉండగా అత్తయ్య తెగించింది. "ఈ అరతో సరి, మేస్త్రీ. సంచి సర్దుకో."

"సరేనమ్మా," అన్నాడతను. "రేపట్నించి మళ్ళీ రాళ్ళు కోసే మిల్లుకే పోతాను."

"మిల్లేంటి?"

"ఇరవై ఏళ్ళు అక్కడే చేశానమ్మా. మొదటిరోజు నా దగ్గు విని సారు తనకు తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. లోపల మచ్చ పడిందట. మళ్ళీ ఆ రాతి దుమ్ములోకి పోతే ఇక ఆగదన్నారు. సారు వాళ్ళ ఆఫీసులో మరమ్మతుల ఉద్యోగం ఖాళీ అవుతుందట. అందాకా ఇక్కడే ఉండమన్నారు. మీకు చెప్పొద్దన్నారు."

"నాకెందుకు చెప్పొద్దన్నారు?"

మేస్త్రీ తల గోక్కున్నాడు. "అమ్మగారికి జాలేస్తే వంకలు పెట్టడం మానేస్తుంది, అప్పుడు మనకు పని పుట్టదు అన్నారమ్మా."

పద్నాలుగు నెలలు నవ్విన నవ్వంతా గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. మేస్త్రీ తాపీ తుడిచి సంచిలో పెట్టుకుంటున్నాడు. అంతలో గుమ్మంలోకి మావయ్య వచ్చాడు, సంచి చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఏమైంది? పని ఆపేశారా?"

అత్తయ్య కొంగుతో కళ్ళొత్తుకుని, వంటింటి అర వైపు చూసింది. గీత గీసినట్టు తిన్నగా ఉంది అర.

"ఒక పక్కకు ఒరిగింది," అంది. "తీసి మళ్ళీ పెట్టాలి."

"సర్దుకోమన్నారు కదమ్మా," అన్నాడు మేస్త్రీ, బిత్తరపోయి.

"ఆపమని ఎవరు చెప్పారు?" అంది అత్తయ్య.

మావయ్య చెప్పులు విప్పి, మాస్కు కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాడు.