మంచు కోసం కప్పతల్లి

వయసుల ఉన్నప్పుడు మనిషికి తెలిసింది పిడికెడే, ధైర్యం మాత్రం గంపెడు. ఆ రోజుల్ల నాకు చదువంటే సంతకం దాకనే, జర్మన్ మాటలు రెండో మూడో. అయినా ఇక్కడి మబ్బుతోటి నేనే మాట్లాడుకుంట అనుకున్న. (నేను చెప్తుంటే మా బిడ్డ రాస్తున్నది. నవ్వకుంట రాయమన్న.)

మ్యూనిక్ అవతల, కొండల కింద ఒక చిన్న ఊరు. అక్కడ స్కీ లిఫ్టు పక్కన ఉన్న ఇండియన్ హోటల్ల మా ఆయన వంటమాస్టర్, నేను గిన్నెలు కడుగుడు. గుట్ట మీద మంచు ఉంటేనే జారి ఆడే స్కీ వాళ్ళొస్తరు, వాళ్ళొస్తేనే మా పొయ్యి మండుతది. ఆ యేడు ఈస్టర్ పండుగ లేటు, మంచు ముందే కరగబట్టింది. పాత దుప్పటికి చిరుగులు పడ్డట్టు గుట్ట మీద అక్కడక్కడ గడ్డి తేలింది. హోటల్ నడిపే మా సేఠ్ పొద్దున లేస్తే టీవీ ముందే. మంచు పడొచ్చు గాని పైన మటుకే, కింద చెప్పలేమని టీవీల వాతావరణం చెప్పే పిల్ల రోజూ అదే మాట. ఒకనాడు సేఠ్ మా ఆయనతోటి అన్నడు, "మాస్టర్, మంచు పడితే పండుగ దాక నడుపుత. లేకుంటే ఈ ఆదివారం తాళమే. నువ్వు వేరే చోటు చూసుకో." పని పోతే వీసా మీదికొస్తది. ఆ దినం మా ఆయన పప్పుల ఉప్పు రెండుసార్లు ఏసిండు. (ఆయన చేతిల అట్ల ఎన్నడు కాలే.)

ఆ సాయంత్రం నేను ఇంటికి పోతుంటే మా పక్కింటి ముసలమ్మ హోటల్ ముందటి రోడ్డు పొంటి వంగి వంగి కప్పలను పట్టుకొని బకెట్ల ఏస్తున్నది. నా పానం లేచొచ్చింది. మా దిక్కు వానలు పడకుంటే కప్పతల్లి ఆడుతం. రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి ఇంటింటికి తిప్పుతం, ఇల్లాండ్లు దాని మీద నీళ్ళు గుమ్మరిస్తరు. వీళ్ళకు సుత ఈ ఆచారమున్నది, మంచు కోసం చేస్తున్నరు, పాపం నీళ్ళు పోసేటోళ్ళే లేరు అనుకున్న. ఉరికిపోయి చెంబెడు నీళ్ళు తెచ్చి, ఇంత పసుపు కలిపి ఆ బకెట్ల పోసిన. పోసి గొంతెత్తి పాట అందుకున్న. ముసలమ్మ బకెట్ కింద పెట్టి నన్నే చూడబట్టింది.

నా గొంతు విని మా ఆయన హోటల్‌ల నుంచి ఏప్రాన్ తోటే ఉరికొచ్చిండు.

"ఏందే ఇది?"

"కప్పతల్లి. నువ్వు సుత పాడు, మంచు పడాలె."

ఆయన ముసలమ్మతోటి జర్మన్‌ల మాట్లాడి నా దిక్కు తిరిగిండు. "పిచ్చిదానా, ఈ కాలంల ఇవి గుడ్లు పెట్టనీకి చెరువుకు పోతయట. రోడ్డు దాటంగ కార్ల కింద పడుతున్నయని ఈమె మోసుకపోయి అవతల ఇడుస్తదట."

"మరి నీళ్ళు పోస్తే వద్దనకపాయె?"

"కప్పలకు తడి మంచిదేనట. ఇగ పసుపు తేవద్దంటున్నది." ముసలమ్మ ఇంకేందో అంటే విని, "పాట మాత్రం ఇంకోసారి పాడమంటున్నది," అన్నడు.

పాడిన. ఈసారి ఆయన సుత గొంతు కలిపిండు. ఆయనకు నాకంటే ఎక్కువ భయమున్నదని అప్పుడు ఎరుకైంది నాకు.

శనివారం పడ్డది. మంచు కాదు, వాన. అట్లాంటిట్లాంటి వాన గాదు, కుండపోత. కొండ కొనకు తెల్లగ పడ్డదట, కింద మా లిఫ్టు గుట్ట మీద ఉన్నది గూడ కడుక్కపోయింది. టీవీల పిల్ల చెప్పిందే నిజమాయె. సేఠ్ ఆదివారం తాళమేసిండు. సామాన్లు మూట గట్టుకొని బస్సు కాడ తడుసుకుంట నిలబడ్డం. ఆయన తిడుతడనుకున్న. "కప్ప తప్పేమున్నదే, దానికి ఎరుకైంది వాననే," అన్నడు. అని నవ్విండు. ఆ నవ్వు చూసినంక నాకు భయం పోయింది.

తర్వాత మ్యూనిక్‌ల ఒక క్యాంటీన్‌ల పని దొరికింది, వీసా నిలబడ్డది, బిడ్డ పుట్టింది, ఆయన పోయిండు. ఇప్పుడు నేను ఏదడిగినా ముందు వెనక చూసే అడుగుత, అందుకే పెద్దగ ఏదీ అడుగుత లేను. మొగని పని నిలబడాలని పరాయి ఊర్ల రోడ్డు మీద నిలబడి పాడిన ఆ పిల్ల మల్ల కనపడితే ఆపను. ఆమె పక్కకు పోయి గొడుగు పడుత.