చెమట పట్టని పూలకడవలు

పులివెందులలో మా కాలేజీ వార్షికోత్సవానికి నేను వేసిన బొమ్మలు గోడకు తగిలిస్తే, సాటి లెక్చరరు ఒకాయన చేతులు వెనక్కి కట్టుకుని తురాయిపూల బొమ్మ ముందర చాలాసేపు నిలబడ్డాడు. పూలు చూస్తున్నాడనుకున్నాను. తప్పులు వెతుకుతున్నాడని తర్వాత తెలిసింది.

"బాగుంది మేడమ్. కానీ మధ్యమధ్యన ఖాళీలు వదిలేసినారే, రంగు చాలలేదా?"

"చాలకనే అట్లా నేర్చుకున్నా," అన్నాను.

ఆయన నవ్వి వెళ్లిపోయాడు, ఎగతాళి చేస్తున్నాననుకుని. మామూలుగా నేను చేసేది అదే కాబట్టి ఆయనను తప్పుపట్టలేను. ఆ రోజు మాత్రం ఉన్నమాటే చెప్పాను.

ఇప్పుడు నేను వాడేవి యాక్రిలిక్ రంగులు. ట్యూబు నొక్కితే వెన్నలా వస్తాయి. మా ఎండలకు కుంచె మీదే ఆరిపోతాయని అందరూ తిట్టుకుంటారు గానీ ఆ తొందరే నాకు నచ్చుతుంది. గీత గీసుకుని దాని లోపల బుద్ధిగా రంగు నింపే ఓపిక నాకు ఏనాడూ లేదు. ఇక్కడొక దెబ్బ ఎరుపు, పక్కనే ఒక దెబ్బ నారింజ, నడుమ వెనకనున్న బట్ట కనిపిస్తూ ఉండాలి. ఇది నాకు ఏ మాస్టరూ నేర్పలేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో ప్రొద్దుటూరులో మా ఇంటి ముందు పెట్టిన చలివేంద్రంలో అబ్బింది.

ఆ చలివేంద్రం మా అత్తది. అత్తంటే నాయనకు అక్క. జమ్మలమడుగులో ఇచ్చారు. పెళ్లయిన కొన్నేళ్లకే భర్త పోతే, బిడ్డాపాపా లేని మనిషి కాబట్టి తిరిగి మా ఇంటికే వచ్చేసింది. ఆయన పేరు మీద మరుదులు ప్రతి ఎండాకాలం జమ్మలమడుగులో నీళ్లపందిరి వేసేవాళ్లు. ఒక ఏడాది మానేశారు. ఆ కబురు తెలిసిన రోజు నుంచి అత్త నాయన ప్రాణం తీసింది.

"వాళ్లు మానుకుంటే మానుకోనీ అబ్బీ. నేను ఈడ పెడతా."

నాయన బడిలో అయ్యవారు. ఊరంతా తనవైపే చూస్తున్నదని నమ్మే రకం. "నువ్వు పోయి రోడ్డు మింద కూర్చుంటావా అక్కా?"

"వంటింట్లో కూర్చోని పోస్తే దారిన పొయ్యేటోళ్ల గొంతులో పడతాయా?"

నా నోరు ఎవరి నుంచి వచ్చిందో ఇప్పటికి మీకు అర్థమై ఉంటుంది.

చివరకు నాయన ఒప్పుకున్నాడు, ఒక మెలిక పెట్టి. వచ్చే సంత రోజు తానే వచ్చి చూస్తాడు. జనం ఆగి తాగుతుంటే పందిరి ఎండాకాలమంతా ఉంటుంది. లేకపోతే ఆ సాయంత్రమే పీకేయిస్తాడు. అత్త తలూపింది. ఆమెను పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు కారు, పేరంటాలకు అసలే లేదు. పొద్దున్నే ఎవరైనా ఊరికి బయల్దేరుతుంటే అమ్మ ఆమెను పెరట్లోకి పంపేది, ఎదురు రాకుండా. అలాంటి మనిషి ఎండాకాలమంతా వీధివైపు ముఖం పెట్టుకుని కూర్చునే చోటు ఒకటి అడుగుతోంది. నాకు చిన్నతనమైనా ఆ సంగతి తెలుస్తూనే ఉండింది.

చిక్కేమిటంటే, బజారు మొదట్లో షావుకార్లు వేసిన పెద్ద పందిరి ఉంది. దాన్ని దాటి మా కొంపదాకా వచ్చి ఎవరు తాగుతారు? అప్పుడు అత్తకు నీళ్లకడవల మీద పూలు వేయించాలన్న ఆలోచన వచ్చింది. మా వీధిలో జట్కా తోలే సాయిబు తన బండికి కొత్తగా రంగులు వేయించుకుని, డబ్బాల్లో మిగిలిన ఎరుపు, పసుపు, తెలుపు మాకిచ్చాడు. తలుపులకూ బండ్లకూ పూసే చిక్కటి నూనెరంగులవి. బళ్లో బొమ్మలు బాగా వేస్తానని పేరుంది కాబట్టి పని నా మీద పడింది.

"కడవ కనపడగూడదు మే. పూలే కనపడాల," అంది అత్త.

పక్కనే గొంతుక్కూర్చుని ఒక్కొక్క పువ్వూ చెప్పి వేయించుకుంది. తురాయి అడుగున, రేలపూలు గుత్తులుగా, మెడచుట్టూ మల్లెలు, మూతిదగ్గర గన్నేరు. ఎన్నో ఏళ్లుగా తలలో పువ్వు పెట్టని మనిషి ఏ రేకు ఎటు వంగుతుందో నాతో వాదించింది. ఆమె తెల్లకొంగుకు ఎర్రరంగు అంటుకుంది. కిరసనాయిలుతో తుడిస్తే పోతుందని అమ్మ అంటే, "ఉండనీలే," అంది.

చివరి కడవకు వచ్చేసరికి డబ్బాల్లో రంగు అడుగంటింది. గీకి గీకి ఇక్కడొక చుక్క, అక్కడొక దెబ్బ వేసి ముగించాను.

"ఇదేంది మే, కోళ్లు పొడిచినట్ల ఉండాది! దీన్ని ఎనక పెట్టు, ఎవురికీ కనపడకుండా."

పందిరి తెరిచిన రోజు జనం నిజంగానే ఆగారు. పిల్లలు కడవలు తడిమి చూశారు. మొదటి ముంత జట్కా సాయిబుదే. దోసిట్లో పట్టుకుని గడగడా తాగి, తల పైకెత్తి, కాసేపు ఆలోచించాడు.

"అమ్మా, కడవలు శానా ఖూబ్‌సూరత్‌గా ఉండాయి. నీళ్లే గరం. ఇంత చాయ్‌పత్తా ఏస్తే సరిపాయె."

అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది, ఆ పూటకు. మరుసటి రోజు నుంచి నవ్వడానికి ఏమీ మిగల్లేదు. వచ్చినవాళ్లు ఒక గుక్క తాగి మిగిలింది పారబోసి పోయేవాళ్లు. "పూలు సూడను వొచ్చినామా, నీళ్లు తాగను వొచ్చినామా?" అని ఒకామె మా ముఖం మీదే అడిగి షావుకార్ల పందిరివైపు నడిచింది. అత్త నీళ్లు మార్చింది, వట్టివేర్లు వేసింది, కిందనున్న ఇసుకను గంటగంటకూ తడిపింది. నేను కుమ్మరాయన మట్టిని తిట్టాను. అత్త ఎండను తిట్టింది. నాయన రోజూ బడికి పోతూ వస్తూ పందిరివైపు చూసేవాడు. అత్తకు అన్నం సహించకుండా పోయింది.

సంత ఇంకా రేపనగా, పొద్దున్నే కాళ్లు కడుక్కుందామని వెనకనున్న ఆ కోడిపొడుపుల కడవలో ముంత ముంచాను. చేయి జిల్లుమంది. తాగి చూశాను. పళ్లు లాగాయి.

"అత్తా! ఇట్ల రా!"

"ఎందుకే అట్ల అరుస్తాండావు?"

ఆమెను కడవ ముందు కూర్చోబెట్టాను. చుక్కకూ చుక్కకూ నడుమ మట్టి ఎక్కడ బయటికి కనిపిస్తోందో అక్కడల్లా సన్నటి నీటిబొట్లు నిలిచి ఉన్నాయి. ముందరి కడవలేమో పొడిగా తళతళలాడుతున్నాయి. అత్త వాటి మీద అరచెయ్యి పెట్టింది, తర్వాత దీని మీద పెట్టింది, తర్వాత చెంప ఆనించింది.

"ఇదొక్కటే చెమట్లు పట్టింది," అంది. "వాటికి మనం ఊపిరాడనీలేదు మే."

సాయిబు తన జట్కాలోనే కొత్త కడవలు తెచ్చిపెట్టాడు, మా మీద జోకులు వేస్తూనే. ఇంకెవరిదో బండికి వేయగా డబ్బాల అడుగున మిగిలిన కాస్త రంగూ ఇచ్చాడు. ఈసారి అత్త ముందే హెచ్చరించింది.

"పువ్వుకూ పువ్వుకూ నడుమ మన్ను కనపడాల."

"మొన్న కనపడగూడదంటివే?"

"మొన్న మొన్నే. నోరు మూసుకోని పెట్టు."

కుంచె అణిచి లేపితే తురాయి రేకు. విదిలిస్తే రేల గుత్తి. గీతల్లేవు, నింపడం లేదు. దూరం నుంచి చూస్తే పూలు, దగ్గరికొస్తే ఉత్త మరకలు. నాకు అంత సంతోషం ఏ బొమ్మ వేసినప్పుడూ కలగలేదు. మల్లెలు వేయడానికి తెలుపు డబ్బా అందుకోబోతే, అప్పటికే అత్త అందులో వేలు ముంచింది. నన్ను చూడకుండా కడవ మెడచుట్టూ వేలికొసతో మొగ్గ తర్వాత మొగ్గ అద్దుకుంటూ పోయింది. జీవితంలో నేను నోరు మూసుకున్న కొద్ది సందర్భాల్లో అదొకటి. ఆ ఎండకు సాయంత్రానికల్లా అన్నీ ఆరాయి. నీళ్లు నింపి తడి ఇసుకలో కుదురుగా పెట్టాం.

సంతకు వచ్చినవాళ్లు తాగారు. తాగినవాళ్లు వెనకవాళ్లను పిలిచారు. సాయిబు రెండు దోసిళ్లు తాగి, "పూలు తగ్గినాయి, సలవ పెరిగింది," అని తీర్పు చెప్పి పోయాడు. సాయంత్రం నాయన వచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి, దోసిలి పట్టాడు. అత్త పోసింది. ఆయన తాగాడు, మూతి తుడుచుకున్నాడు, పైకి చూశాడు.

"పందిట్లో ఎండ పడతాండాది అక్కా. రేపు ఇంకో వరస ఆకు కప్పిస్తాలే."

ఇంకెవరో చేయి చాపితే అత్త అటు తిరిగి నీళ్లు పోసింది.

మొదట వేసిన ఆ నిండు పూలకడవలను ఏం చేద్దామని అమ్మ అడిగింది. పగలగొట్టి పారేద్దామా?

"యాడికి పారేసేది? శెనక్కాయలు పోసుకుంటా. వాటికి సలవతో ఏం పని?" అని అత్త వాటిని తన మంచం పక్కన వరసగా పెట్టుకుంది. పొద్దున్నే కళ్లు తెరిస్తే కనబడేట్టు.

"బయటోళ్లకు ఆ చుక్కల కడవలు చాలు మే," అంది నాతో. "నిండుగా ఉండేవి నాకాడ ఉండనీ."