సున్నపు గీత

యాకుత్‌పురా స్టేషన్ వెనక మైదానంలో ఒక ఆదివారం క్రికెట్ ఆడుతూ ఒకడు ఇంకొకడి తల బ్యాటుతో పగలగొట్టాడు. ఆరు కుట్లు పడ్డాయి. మర్నాడే బస్తీ పెద్దలు కూర్చుని మైదానం గేటుకు తాళం వేయాలన్నారు. వాళ్ల అధ్యక్షుడికి చార్మినార్ దగ్గర గాజుల హోల్‌సేల్ దుకాణం ఉంది. తాళం ఆయనే కొన్నాడు.

నేను ఒప్పుకోలేదు. రిటైరైనప్పటి నుంచి ఆ ఆటలకు స్కోరు రాసేది నేనే. ఇంటికొచ్చాక డైరీలో కూడా రాసుకుంటాను: ఎవరు గెలిచారు, ఎవరు కొట్టుకున్నారు, ఎందుకు. ఆ డైరీలు సంచిలో వేసుకెళ్లి పెద్దలకు చదివి వినిపించాను. మా దగ్గర బ్యాటింగ్ చేసే జట్టువాడే అంపైర్‌గా నిలబడతాడు. తనవాణ్ణి ఔటని ఎవడు చెబుతాడు? అవతలి జట్టు అరుస్తుంది. ఆ అరుపుకు చూసేవాళ్లు లోపలికి వస్తారు. ప్రతి కొట్లాటదీ ఇదే వరస. ఉడుకు రక్తం అని సరిపెట్టుకోవడం బద్ధకం.

"అయితే ఏం చేద్దామంటవ్ బాపు?" అన్నాడు అధ్యక్షుడు.

"అంపైర్ మూడో జట్టు నుంచి రావాలె. చూసేటోళ్లు సున్నపు గీత అవతల ఉండాలె. ఎవరు దాటినా ఆట బంద్."

"ఒక్క ఆదివారం ఇస్తున్నం. మళ్ల లొల్లయితే తాళమే."

ఆ ఆదివారం గీత నేనే గీశాను. చివరి ఓవర్లో అధ్యక్షుడి కొడుకు రనౌటయ్యాడు. అంపైర్ వేలెత్తాడు. అందరికంటే ముందు గీత దాటింది అధ్యక్షుడే.

"ఏంది భాయ్, గట్లెట్ల ఔటిస్తవ్? కండ్లు కనవడ్తలేవా?"

ఆయన వెనక పది మంది కదిలారు. నేను స్కోరు పుస్తకం మూసి, లేచి ఎదురుగా నిలబడ్డాను.

"సేఠ్, గీత దాటినవ్. ఎనక్కి నడువు."

"ఎవరితోని మాట్లాడుతున్నవో ఎరికేనా?"

"ఎరికే. తాళం నీ దగ్గరనే ఉన్నది. ఏస్తే ఇప్పుడే ఎయ్యి. లొల్లి ఎవరు షురూ చేసిన్రో గూడ రాసి పెడ్త."

"సేఠ్, బాపు డైరీల పడితే నీ మనుమలు గూడ చదువుతరు," అన్నారెవరో వెనక నుంచి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. కొడుకే బ్యాటు చంకన పెట్టుకుని వచ్చి, "నడువు నాయినా, ఔటే," అన్నాడు.

ఆయన వెనక్కి తిరిగాడు. పది మందీ తిరిగారు. నేను పుస్తకం తెరిచి రనౌట్ అని రాశాను.

తాళం ఇంకా ఆయన దుకాణంలోనే ఉంది. ఉండనీ. మోకాళ్లు నొప్పెడుతున్నా ప్రతి ఆదివారం గీత నేనే గీస్తున్నాను. కుర్చీ ఆ గీత మీదే వేసుకుంటున్నాను. దాటాలనుకునేవాడు నా ముందు నుంచే దాటాలి.