సానియాకు రాని జవాబు

ఆరేళ్లుగా ఒక మాట నా ఛాతీ మీద బండలా కూర్చుంది. బండ బరువు నాకు తెలుసు. మాది తాండూరు. నా పెనిమిటి బండల గనిలో పనిచేసి ఆ దుమ్ముతోనే పోయాడు. నేను పాలిష్ మిషన్ దగ్గర ఇరవై ఏళ్లు బండలు మోశాను. ఎంత పెద్ద బండైనా ఇద్దరు పట్టుకుంటే దిగుతుంది. దీన్ని దింపడానికి రెండో మనిషి దొరకలేదు. అందుకే మీకు చెబుతున్నాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే వేరొకరు రాస్తున్నారు. నా పేరు రాయొద్దన్నాను. నా బిడ్డకు తలవంపులని అలా అన్నాను. కాదు. నాకు భయం, అంతే.

నా బిడ్డ లత నర్సు. లత కూతురు మేఘన. అప్పుడు మేఘనకు తొమ్మిదేళ్లు, జిమ్నాస్టిక్స్ నేర్చుకునేది. వికారాబాద్‌లో ఒక సారు రేకుల షెడ్డులో పిల్లలను పోటీలకు తయారు చేసేవాడు. లతకు ఆదివారమూ డ్యూటీయే కాబట్టి శని, ఆదివారాలు పొద్దున్నే రైల్లో మేఘనను నేనే తీసుకుపోయేదాన్ని.

అదే రైల్లో జరీనా తన కూతురు సానియాను తెచ్చేది. వాళ్లదీ తాండూరే. సానియాది మేఘన ఈడే. జరీనా భర్త మస్కట్‌లో ఏసీలు బాగుచేసేవాడు. స్టేషనుకు ఎవరు ముందు చేరితే వాళ్లు కిటికీలోంచి దస్తీ, అదే చేతిరుమాలు, వేసి సీట్లు ఆపాలని మా ఒప్పందం. నా మోకాళ్ల నొప్పులతో నేనెప్పుడు ముందు చేరాను? ఎప్పుడూ జరీనా దస్తీయే పడేది. ఎవరైనా కూర్చోబోతే "మా అమ్మ వస్తది, లేవుండ్రి" అని గట్టిగా చెప్పేది. ఆమె నన్ను అమ్మా అనేది. సానియా నానీ, అంటే అమ్మమ్మా, అనేది. నేను జరీనాను బిడ్డా అనేదాన్ని. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, నేను మోసం చేసింది ఎవరో దారినపోయేవాళ్లను కాదు.

ఆ ఏడు లతకు మస్కట్‌లో ఉద్యోగం వచ్చింది. అల్లుడు, మేఘన కూడా వెంటపోవాలి. ఇల్లు, బడి దొరుకుతాయనే ధైర్యం లతకు ఉంది. దిగులంతా మేఘన ఆట మీదే. పోటీల దాకా వచ్చిన పిల్ల అక్కడ ఆగిపోతే మళ్లీ అందుకోలేదని సారు ముందే భయపెట్టాడు. లత రోజూ ఫోనులో వెతికేది. ఏది మంచి క్లబ్బో, ఏది ఉత్త ఆటస్థలమో ఫోటోలు చూసి ఎలా తెలుస్తుంది?

అదే సమయంలో జరీనా భర్త కూడా వాళ్లిద్దరినీ రమ్మన్నాడు. వికారాబాద్ నుంచి తిరిగి వస్తున్నప్పుడు, ధారూర్ దాటాక, జరీనా నా పక్కకు జరిగింది.

"అమ్మా, మా ఆయన శుక్రారం సెలవులన్నీ తిరుగుడుకే పెట్టిండు. నాలుగు జాగలు చూసిండట. మూడింట్ల పిల్లలు ఎగురుడు, దుంకుడు, బర్త్‌డేలు చేసుడు, గంతే. ఒక్కదాంట్లనే పోటీలకు నేర్పుతరట."

"గట్లనా. మరి చేర్చుకుంటరా?"

"ముందుగాల వీడియో, సారు రాసిన చీటీ మెయిల్ చెయ్యాల్నట. అవి చూసినంకనే పిలుస్తరట. మా ఆయనను మెషిన్ మొత్తం ఇప్పుమంటే ఇప్పుతడు గని, ఇంగ్లీషుల రెండు ముక్కలు రాయుమంటే చెమటలు పడ్తయి. మీ లతతోని ఇద్దరివి కలిపి పంపియ్యి జర."

"గంతేనా? నువ్వేం ఫికర్ చెయ్యకు బిడ్డా. నేను చెప్త."

అక్కడే, ఆ సీట్లోనే, సానియా వీడియోను నా ఫోనుకు పంపింది. సారు రాసిన చీటీ మడిచి చేతిలో పెట్టింది. క్లబ్బు పేరు, చిరునామా కూడా ఆమె ఇచ్చినవే. అది మీరు గుర్తుపెట్టుకోండి.

ఇంటికి వచ్చి ఆ వీడియో మూడుసార్లు చూశాను. చూడకపోయినా నాకు తెలుసు. ఆ సన్నటి బీమ్ మీద మేఘన కాళ్లు వణుకుతాయి. సానియా మా వాకిట్లో నడిచినట్టు నడుస్తుంది. ఇద్దరినీ పక్కపక్కన చూస్తే వాళ్లు ఎవరిని తీసుకుంటారు? నాకు తెలిసిన లోకంలో సీటు ఒక్కటే ఉంటుంది, మనుషులు ఇద్దరుంటారు, ముందు దస్తీ పడ్డవాళ్లదే సీటు. రైల్లో అంతే, బస్సులో అంతే, దవాఖానలో మంచానికీ అంతే. సముద్రం అవతల వేరేగా ఉంటుందని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నేను అడగనూ లేదు.

క్లబ్బు పేరు లతకు ఇచ్చాను, అది వెతికింది ఎవరో చెప్పలేదు. లత మెయిల్ రాస్తూ, సానియాది కూడా పంపుదామా అని తనే అడిగింది. వాళ్ల నాయన వద్దన్నాడట, ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకన్నాడట అని చెప్పాను. లత వెంటనే నమ్మింది. సాయిబుల ఇల్లు కాబట్టి నమ్మింది. నమ్ముతుందని తెలిసే ఆ అబద్ధాన్ని ఎంచుకున్నాను. సెలవు రోజుల్లో ఎండలో తిరిగి క్లబ్బు వెతికిన తండ్రి మీద ఆ మాట వేశాను. తర్వాత వీడియో తీసేశాను. చదువు రాకపోయినా ఫోనులో చెత్తబుట్ట బొమ్మ ఎక్కడుంటుందో నాకు తెలుసు. చీటీ చింపి మురుగు పారే మోరీలో వేశాను. చేతులు కడుక్కుని వంట చేశాను. ఆ పూట అన్నం బాగానే తిన్నాను.

వారానికే మేఘనకు జవాబు వచ్చింది, రమ్మన్నారు. ఆ శనివారం రైల్లో జరీనా సంతోషంతో మేఘన బుగ్గలు పుణికింది. తర్వాత మెల్లగా, మా సానియాకు రాలేదా అమ్మా అంది. రాలేదు బిడ్డా, నచ్చలేదేమో అన్నాను. సానియా ఎదురుగానే కూర్చుని ఉంది. నా మొహంలోకి చూసి అడిగింది.

"దుంకినప్పుడు నా కాళ్లు సీదా రావు గద నానీ, గందుకేనా?"

తల ఊపానేమో. ఏమో కాదు, ఊపాను.

వీసా ఆలస్యమై జరీనావాళ్లు ఇంకో ఆరునెలలు తాండూరులోనే ఉన్నారు. లతావాళ్లు మస్కట్ పోయాక నెలకు లత ఫోను చేసింది. ఆ క్లబ్బులో సీట్ల లెక్కే లేదట. పోటీలకు పిల్లలు చాలక, తెలిసినవాళ్లుంటే చెప్పమని వాళ్లే అడుగుతున్నారట. సానియా వస్తే ఎంత బాగుండు, వాళ్ల నాయన ఇప్పుడైనా ఒప్పుకుంటాడేమో అడుగమ్మా అంది లత. మొదటి తప్పు తెలివితక్కువతనం అనుకుందాం. ఒక్క సీటే ఉందని భయపడ్డాను అనుకుందాం. మరి ఇది? సానియా అప్పుడు మా ఇంటికి మూడు గల్లీల అవతలే ఉంది. లేచి నడిస్తే అయిపోయేది. కానీ అడిగితే నా అబద్ధం బయటపడుతుంది. ఒప్పుకోడు బిడ్డా, నేను అడిగాను అన్నాను. నన్ను నిద్రపోనివ్వనిది ఈ రెండోదే.

అప్పటికే సానియా వికారాబాద్ రావడం మానేసింది. మస్కట్ పోయాక తండ్రి నేరుగా తీసుకుపోతానన్నా, వద్దన్నవాళ్ల దగ్గరికి నేను రానని మొండికేసిందట. జరీనాయే ఫోనులో చెప్పింది. అక్కడ జరీనా, లత ఉండేది ఊరికి చెరో కొసన, ఒకరి నంబరు ఒకరికి నేను ఇవ్వనూ లేదు. చెబుతూ నన్ను ఒక్క మాట అనలేదు. మీ లత అంత కష్టపడి పంపింది, మా నసీబు గంతే అంది.

పోయిన నెల మేఘనకు అక్కడ పతకం వచ్చింది. క్లబ్బువాళ్లు పెట్టిన ఫోటో చూసి జరీనా నాకు ఫోను చేసింది. తమ్ముడి పెళ్లికి తాండూరు వస్తున్నామని, ఈ శుక్రవారం సానియాను తీసుకుని మా ఇంటికి వస్తానని చెప్పింది. అప్పటినుంచి గేటు చప్పుడైతే వంటింట్లోకి పోతున్నాను. ఊళ్లో లేనని చెప్పి పెద్దేముల్‌లో మా చెల్లె ఇంటికి పోదామని రెండుసార్లు సంచి సర్దాను. రెండుసార్లు విప్పాను. చెబితే లతకు తెలుస్తుంది. మేఘనకు తెలుస్తుంది. చెప్పకపోతే ఆ పిల్ల నాకు సలాం చెబుతుంది, నేను తల నిమురుతాను. ఆ తల మీద ఈ చెయ్యి ఎలా పెట్టను?

క్షమించమని అడగను. అడిగితే జరీనా క్షమిస్తుందేమోనని అదొక భయం. అలా తేలిగ్గా దాటిపోతే సానియా ఆరేళ్లు ఎవరు ఇస్తారు?

చెప్పవలసింది చిన్న మాటే. సానియా, నీ వీడియో వాళ్లు చూడనే లేదు, నేనే పంపనియ్యలేదు. ఇంటి గోడలతో కూడా ఇది అనలేదు నేను. ఇప్పుడు మీతో అన్నాను, మొదటినుంచి చివరిదాకా. శుక్రవారానికి ఇంకా రెండు రోజులున్నాయి.